శనివారం రాత్రి బ్లూస్, ఆదివారం పొద్దున ఆరాధన: మధ్యలో తొమ్మిదిన్నర గంటలు

రాత్రి పదింటికి బెంగళూరు ఇందిరానగర్‌లోని పబ్బులో ఆంప్ (గిటార్ మోత పెంచే యాంప్లిఫయర్) ఆపి, పొద్దున ఏడున్నరకి తెలుగు ఆరాధనలో మైకు ముందు నిలబడాలి. మధ్యలో ఉన్నది తొమ్మిదిన్నర గంటలు. సామాను సర్దుకోవడం, ఇల్లు చేరడం, నిద్ర, గొంతు తేరుకోవడం, అన్నీ అందులోనే పట్టాలి. బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల దగ్గర పుట్టిన సంగీతం) వాయిస్తూ చర్చి పరిచర్యలో ఉండాలనుకునేవాళ్లు ఎక్కువగా వాదించుకునేది ఇది దేవుడికి ఇష్టమా కాదా అని. ఆ వాదన జరగాల్సిందే. అయితే ఇష్టమేనని తేల్చుకున్నవాళ్లు కూడా రెండేళ్లు తిరక్కుండానే ఏదో ఒకటి వదిలేస్తుంటారు. ఎక్కడ తెగిందా అని చూస్తే చాలాసార్లు ఈ తొమ్మిదిన్నర గంటల దగ్గరే తెగి ఉంటుంది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లు ఉన్నారు. థామస్ ఎ. డార్సీ 1920లలో బ్లూస్ గాయని 'మా' రెయినీకి పియానో వాయించాడు, జార్జియా టామ్ పేరుతో కొంటె పాటల రికార్డులు చేశాడు. 1932లో భార్య ప్రసవంలో పోయి, పుట్టిన బిడ్డ కూడా దక్కని దుఃఖంలో ఆయన రాసిన ప్రార్థన పాట ఇవాళ్టికీ చర్చిల్లో పాడుతున్నారు. షికాగోలో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి గాయక బృందాన్ని దశాబ్దాల పాటు నడిపింది కూడా ఆయనే. రాబర్ట్ విల్కిన్స్ 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాటకే, దైవసేవకుడయ్యాక, మాటలు మార్చి తప్పిపోయిన కుమారుడి ఉపమానంగా పాడాడు. సన్ హౌస్ ముందు ప్రసంగీకుడు, తర్వాత గిటార్ పట్టాడు, ఆ రెండింటి మధ్యా నలిగిపోయాడు. భక్తి పాటల గాయని సిస్టర్ రొసెట్టా థార్ప్ 1938లో న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో పాడితే సంఘంలో చాలామంది నొచ్చుకున్నారు. ఇక రెవరెండ్ గ్యారీ డేవిస్. చూపు లేదు. బొటనవేలు, చూపుడువేలు ఈ రెండింటితోనే మీటేవాడు. న్యూయార్క్ హార్లెం వీధుల్లో భక్తి పాటలు పాడుతూ, ఇంటికొచ్చినవాళ్లకి గిటార్ నేర్పుతూ బతికాడు. మన ఊరికి బాగా పనికొచ్చే పద్ధతి డేవిస్‌దే అని నా నమ్మకం. సంపాదనలో పెద్ద భాగం సోమవారం నుంచి గురువారం దాకా చెప్పే పాఠాల మీద పెట్టుకుంటే, శనివారం రాత్రి ఒప్పుకోవాలా వద్దా అన్నది డబ్బు చెప్పదు, మీరు చెప్తారు.

క్యాలెండర్ దగ్గర మొదలుపెడదాం. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు, స్పీకర్లు వాడకూడదు. నాలుగు గోడల మధ్య ఉన్న హాళ్లకి మినహాయింపు ఉంది. చాలామంది ఆర్టిస్టులకి ఇది చిరాకు. పరిచర్యలో ఉన్నవాళ్లకి మాత్రం వరం. మేడ మీద, పైకప్పు లేని చోట వాయిస్తే ఎనిమిదింటికి మొదలుపెట్టి పదింటికి ఆపక తప్పదు, "ఇంకొక్క పాట" అని ఎవరూ పట్టుబట్టలేరు. మూసి ఉన్న హాలైతే రాత్రి ఒంటిగంట దాకా సాగొచ్చు. అందుకని శనివారాలకి ఆరుబయటి చోట్లు, శుక్రవారాలకి హాళ్లు ఒప్పుకోండి. ఉజ్జీవ కూటాలకీ ఇదే నియమం. మైదానంలో పెట్టే కూటానికి కూడా పదే హద్దు, ప్రసంగీకుడు ఎంత ఊపులో ఉన్నా సరే.

రెండో కట్టుబాటు: ఆదివారం వాక్యం చెప్పే వంతు మీదైతే శనివారం ప్రోగ్రాం వద్దు. పాటలు నడిపించడం వరకైతే అలసిన ఒంటితో ఎలాగో నెట్టుకురావచ్చు. వాక్యం అలా కుదరదు, మాట తడబడితే ఎదురుగా కూర్చున్నవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ప్రసంగం నోట్స్ గురువారం రాత్రికి పూర్తవ్వాలి. ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారానికి ముందు శనివారం కూడా ఖాళీగా ఉంచండి. మీ సంఘంలో అది నెలకి మొదటి ఆదివారమైతే ఏడాదికి పన్నెండు శనివారాలు అలా పోతాయి. ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలపు నలభై రోజులు, డిసెంబర్‌లో పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లు కలుపుకుంటే ఇంకా పోతాయి. జనవరిలోనే డైరీలో కొట్టేసుకుంటే ఇవి నష్టంగా అనిపించవు. అడ్వాన్సు తీసుకున్నాక గుర్తొస్తేనే గొడవ.

అన్నిటికన్నా పెద్ద తగవు డిసెంబర్ 31. పబ్బుల్లో ఏడాది మొత్తం మీద ఎక్కువ డబ్బిచ్చే రాత్రి అది. మన సంఘాల్లో పాత సంవత్సరానికి వీడ్కోలు ఆరాధన జరిగేదీ ఆ రాత్రే, సరిగ్గా పన్నెండింటికి మోకరించి ప్రార్థించేదీ అప్పుడే. రెండూ కుదరవు. సెప్టెంబర్‌లోనే తేల్చుకుని పబ్ వాళ్లకి రానని చెప్పేయండి, వాళ్లు అక్టోబర్ నుంచే బుక్ చేస్తారు. ఆ డబ్బు పోయిన లోటు కనపడకుండా ఉండాలంటే డిసెంబర్ మొదటి పదిహేను రోజుల్లో ఆఫీసు పార్టీలు రెండు మూడు పట్టుకోవాలి.

ఇక గొంతు. శనివారం ప్రోగ్రాం అయ్యాక బ్యాండ్ అంతా కలిసి అర్ధరాత్రి బిర్యానీకి వెళ్లడం మామూలే. ఆదివారం గొంతు పోయేది ముఖ్యంగా అక్కడే. కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతుంది, స్వరతంతువులు వాస్తాయి, పొద్దున గొంతు బొంగురుగా, మందంగా ఉంటుంది. అరిచినందువల్ల అనుకుంటాం గానీ సగం తప్పు బిర్యానీది. సాయంత్రం ఆరున్నరకే భోజనం చేసేయండి. ప్రోగ్రాం అయ్యాక ఆకలేస్తే ఒక అరటిపండు తినండి. మజ్జిగ వద్దు, గోరువెచ్చటి నీళ్లు తాగండి. కడుపు నిండా తినే భోజనానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండాలి. పొద్దున గొంతు రాకపోతే గుసగుసగా మాట్లాడొద్దు, చాలామందికి గుసగుస మామూలు మాటకన్నా ఎక్కువ బిగింపు పెడుతుంది. పెదాలు మూసి మంద్రంలో 'మ్' అంటూ పది నిమిషాలు, తర్వాత పెదాలు బుర్రుమనిపిస్తూ సరళీ స్వరాలు ఒక ఆవృతం. అంతే.

స్టేజీ మీద అరవాల్సి రావడానికి అసలు కారణం మీ గొంతు మీకు వినపడకపోవడం. చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ తెలియకుండానే గట్టిగా పాడతాం. దీనికి మందు మానిటర్ స్పీకర్‌ని (పాడేవాళ్లకి తమ గొంతు వినిపించే స్పీకర్) సరైన చోట పెట్టడం. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు తన వెనక వైపు నుంచి వచ్చే శబ్దాన్ని అన్నిటికన్నా తక్కువగా తీసుకుంటుంది, కాబట్టి మానిటర్ సరిగ్గా మైకు వెనక, మీకు ఎదురుగా ఉండాలి. బీటా 58 లాంటి సూపర్ కార్డియాయిడ్ అయితే నేరుగా వెనక కొంత వింటుంది, దానికి మానిటర్‌ని కాస్త పక్కకి, ఏటవాలుగా జరపాలి. ఇది తెలియక మైకు మార్చిన రోజునే స్పీకర్ల కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది, సౌండ్ మనిషి మానిటర్ తగ్గిస్తాడు, మీరు అరుస్తారు, ఆదివారం మూగబోతారు.

చెవుల సంగతి గొంతుకన్నా తక్కువది కాదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని 8 గంటలు భరించొచ్చు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ కాలం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. చిన్న స్టేజీ మీద డ్రమ్మర్ పక్కన 100 దాటడం వింతేం కాదు, వాయించేది తొంభై నిమిషాలు. మ్యుజీషియన్ల కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి. అవి లేకుండా వాయించి పొద్దున చర్చిలో సౌండ్ మిక్సర్ ముందు నిలబడితే చెవులు పైస్థాయి వినవు. అంతా మసకగా ఉందనుకుని ట్రెబుల్ పెంచుతారు, ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు.

మన ఊళ్లో చాలా చోట్ల ఒకే మందిరంలో ఇంగ్లీషు, తమిళం, కన్నడం, తెలుగు ఆరాధనలు వంతులవారీగా జరుగుతాయి. ముందు ఆరాధన ముగిసి జనం బయటికి వెళ్లేలోపు మీకు దొరికేది పావుగంట. పబ్ సామాను అక్కడికి మోసుకెళ్లొద్దు. 15 వాట్ల వాల్వ్ ఆంప్ వంద మంది పట్టే హాల్లో గుక్కతిప్పుకోనివ్వదు. దాన్ని తగ్గిస్తే దాని అందం పోతుంది. ఒక చిన్న ఆంప్ మోడలర్ (ఆంప్ మోతని అనుకరించే పెట్టె), డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చేది), ఒకే కేబుల్‌తో మిక్సర్‌లోకి వెళ్లిపోండి. బ్యాగు, గిటార్ స్ట్రాప్ కూడా రెండు జతలు ఉంచుకోండి. గుడ్డ స్ట్రాప్ పొగ వాసనని వారం రోజులు పట్టుకుంటుంది, సండే స్కూలు పిల్లలు కూర్చునేది మీకు రెండడుగుల దూరంలో.

గుయ్యిమనే చప్పుడు వస్తే ముందు ఎర్త్ చూడండి. ఆంప్, మిక్సర్ వేరువేరు గోడల ప్లగ్గుల్లో ఉంటే వాటి ఎర్తుల మధ్య తేడా వల్ల 50 హెర్ట్జ్ హమ్ పుడుతుంది. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డు మీదకి తెస్తే చాలాసార్లు పోతుంది. పోకపోతే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది ఆడియో కేబుల్ తొడుగునే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. ప్లగ్గు మూడో పిన్ను పీకేసి హమ్ పోగొట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పాత భవనాల్లో ఎర్త్ తెగి ఉంటే, ఒక చేతిలో గిటార్ తీగలు, పెదాలకి ఆనిన మైకు, మధ్యలో మీరు. సౌండ్ చెక్ మొదలుపెట్టే ముందు టెస్టర్‌తో మైకు జాలీని ముట్టి చూడటానికి ఐదు క్షణాలు పట్టదు. క్రిస్మస్ సీరియల్ లైట్లు కట్టాక వచ్చే బర్రుమనే చప్పుడు వేరు. అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల మోతని అందుకునే ఒంటి తీగచుట్ట) పట్టుకునేది. హంబకర్ (రెండు చుట్టల పికప్) ఉన్న గిటార్ తెచ్చుకోండి, లేదా లైట్ల వైరుకి దూరంగా జరగండి.

సంగీతానికి వద్దాం. ఇక్కడ మనకి అమెరికా వాళ్లకి లేని సౌకర్యం ఒకటి ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కాలం నుంచీ మన కీర్తనలు కర్ణాటక రాగాల మీద నడిచినవే. బ్లూస్ గిటారిస్టు చేతికి అలవాటైన ఐదు స్వరాల మైనర్ స్కేలు అచ్చంగా శుద్ధ ధన్యాసి: స గ మ ప ని, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం. ఐదు స్వరాల మేజర్ స్కేలు మోహన. బ్లూ నోట్ అని ముద్దుగా పిలిచేది శుద్ధ మధ్యమానికీ పంచమానికీ మధ్య జారిపోయే ప్రతి మధ్యమం. బ్లూస్ పాట తిరిగే పన్నెండు బార్ల చక్రం, బారుకి నాలుగు చొప్పున, నలభై ఎనిమిది దెబ్బలు, అంటే ఆది తాళం ఆరు ఆవృతాలు. మొదటి రెండు ఆవృతాలు స కార్డు (కార్డంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు), మూడోది మ కార్డు, నాలుగోది మళ్లీ స, ఐదోదిలో సగం ప సగం మ, ఆరోది ఇంటికి, అంటే మళ్లీ స. షఫుల్ అనే బ్లూస్ ఊపు అంటే తిశ్ర నడ, దెబ్బకి మూడు. తబలా మనిషికి "షఫుల్" అంటే అర్థం కాకపోవచ్చు, "ఆది తాళం, తిశ్రం" అని చెప్పి తకిట తకిట అని నోటితో వేసి చూపిస్తే వెంటనే పట్టుకుంటాడు. అలా చెప్పుకోకపోతే ఆయన చతురశ్రంలో, నాలుగు చొప్పున కొడతాడు, మీరు మూడు చొప్పున ఊగుతారు, సంఘం చప్పట్లు రెండింటికీ పడక మధ్యలో ఆగిపోతాయి.

చేతి అలవాటు కొద్దీ ప్రతి కార్డునీ సెవెంత్ (ఏడో స్వరం కలిపిన కార్డు, డి7 లాంటిది) చేయడం దగ్గరే ఎక్కువ తప్పు జరుగుతుంది. శంకరాభరణంలో ఉన్న కీర్తనకి, శృతి డి అనుకుంటే, డి7 వాయిస్తే అందులో సి ఉంటుంది, అది కైశికి నిషాదం. పాడేవాళ్లు కాకలి నిషాదం మీద ఉంటారు. రెండూ రాసుకుంటాయి. అక్కడ డి, జి, ఏ7 చాలు. అదే హరికాంభోజి పాటైతే డి7 చక్కగా అతుకుతుంది, కాని 'ఏ' (A) మేజర్‌లో సి షార్ప్ ఉంది కాబట్టి దాని బదులు సి మేజర్ పట్టండి, జి కూడా సాదాగానే ఉండాలి. మోహనలో పాటకి పూర్తిగా రాగం లోపల ఉండేవి డి, బి మైనర్. వాటి మీద మొదలుపెట్టి, మిగతావి తక్కువగా వాడండి. మోహన పాట మధ్యలో శుద్ధ ధన్యాసి ముక్క ఒకటి వేస్తే, పబ్బులో అది బ్లూస్. సంఘంలో పెద్దమ్మగారికి అది అంతర గాంధారం ఉండాల్సిన చోట అపస్వరం. ఆవిడ చెవి తప్పు కాదు. అచ్చులో ఉన్న రాగానికీ మీ సంఘంలో పాడే బాణీకీ తేడా వచ్చి ఉండొచ్చు, అందుకని అలాంటి పెద్దవాళ్లనే ఒకసారి పాడమని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

హార్మోనియం ఉంటే అదే శృతికి యజమాని. దాన్ని మీరు సవరించలేరు, అది మామూలు 440 హెర్ట్జ్‌కి ఉంటుందన్న నమ్మకమూ లేదు. హార్మోనియం మీద 'ఏ' (A) స్వరం మీట నొక్కించి, క్లిప్ ట్యూనర్ (శృతి చూపే చిన్న పరికరం) క్యాలిబ్రేషన్‌ని ముల్లు మధ్యకి వచ్చేదాకా జరపండి, 442 దగ్గరో 443 దగ్గరో ఆగొచ్చు. ఆ తర్వాతే తీగలు. రెండో శృతి అంటే డి, ఐదో శృతి అంటే జి. స్లైడ్ (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టం) వాయించేవాళ్లకి ఇది కలిసొచ్చే విషయం, ఓపెన్ డి, ఓపెన్ జి ట్యూనింగులు నేరుగా సరిపోతాయి. ఓపెన్ డి కోసం ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ రెండేసి మెట్లు, మూడో తీగ ఒక మెట్టు దించాలి. ఐదు, నాలుగు కదపక్కర్లేదు. తీగలు 13–56 గేజ్ ఉంటే దించినా బిగువుగా ఉంటాయి, 10 గేజ్ తీగలు స్లైడ్ బరువుకి ఫ్రెట్‌ని తాకి గరగరమంటాయి. స్లైడ్ చిటికెన వేలికి తొడిగి, ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన ఆనించండి, వెనక కాదు. మిగతా వేళ్లు స్లైడ్ వెనక తీగల మీద తేలిగ్గా వాలి ఉండాలి, లేకపోతే అక్కర్లేని మోతలన్నీ లేస్తాయి.

బ్లూస్ నుంచి చర్చికి తప్పకుండా తేవాల్సింది జవాబు చెప్పే పద్ధతి. పన్నెండు బార్ల పాటలో నాలుగు బార్లకి గాత్రం రెండు తీసుకుంటే గిటార్ రెండు తీసుకుంటుంది. కీర్తనలో అంత చోటు ఉండదు. పల్లవి రెండోసారి ఎత్తుకునే ముందు సగం ఆవృతం దొరుకుతుంది. అందులో మూడు స్వరాలు చాలు. ప్రార్థన వేళ అసలు ఏమీ వద్దు. పాస్టరు గారు ప్రార్థిస్తుంటే వెనక ఆగకుండా వాయించడం ఇప్పుడు అలవాటైపోయింది గానీ, జనం నోరు విప్పి ప్రార్థించే సంఘంలో అది వాళ్ల గొంతుకి అడ్డం.

సంఘ పెద్దలకి ముందే చెప్పండి. ఎవరో తీసిన రీలు వాట్సాప్ గ్రూపులోకి వచ్చాక చెప్తే అది సంజాయిషీ అవుతుంది. "బ్లూస్ వాయించొచ్చా అయ్యగారూ" అని అడిగితే ఆయన ఏం చెప్తారు? తెలిసేలా చెప్పాలి: "అయ్యగారూ, రెండో శనివారం ఎనిమిది నుంచి పది దాకా కోరమంగళలో ప్రోగ్రాం ఉందండి. తాగను. పదకొండున్నరకి ఇంట్లో ఉంటాను. పాటల పట్టీ ఇదిగోండి." ఆ పట్టీ నిజంగా ఇవ్వండి. రెండు నలభై ఐదు నిమిషాల సెట్లకి ఇరవై పాటలు కావాలి. పాత బ్లూస్‌లో ద్వంద్వార్థాల పాటలు కోకొల్లలు, వాటిని ఏరేసినా ఇరవైకి కొదవ లేదు. పబ్ పోస్టర్ మీద మీ పేరు ముందు 'పాస్టర్', 'బ్రదర్' వేయనివ్వొద్దు, మేనేజర్ అది ఆకర్షణ అనుకుని వేసేస్తాడు. పారితోషికం బదులు డ్రింక్ కూపన్లు ఇస్తామంటే డబ్బు గానీ భోజనం గానీ అడగండి. డబ్బు బ్యాంకులో వేయించుకుని, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే అది మీ పేరు మీద పడిందో లేదో చూసుకోండి. దశమ భాగం తీసేటప్పుడు ఆ డబ్బుని లెక్కలోంచి తీసేయాల్సిన పనిలేదు. ఎక్కడిదని పెద్దలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, వద్దంటే బాధపడకుండా వెనక్కి తీసుకోండి.

ఎంత పకడ్బందీగా వేసుకున్నా క్యాలెండర్ని తలకిందులు చేసేది మరణ వార్త. శనివారం మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, సాయంత్రం భూస్థాపన. పరిచర్యలో ఉన్న మనిషి వెళ్లాల్సిందే. అందుకని మీ పాటలన్నీ తెలిసిన గిటారిస్టులు ఇద్దరు ఎప్పుడూ ఫోన్ దూరంలో ఉండాలి, ప్రతి పాటకీ శృతి, నడ, కార్డులు ఒక్క పేజీలో రాసి వాళ్ల దగ్గర ముందే ఉండాలి. ఆ రాత్రి పారితోషికం మొత్తం వాళ్లకే. ఈ ఏర్పాటు ఉందని బుకింగ్ రోజునే మేనేజర్‌కి చెప్పి ఉంచండి.

సమాధుల తోటకి అకూస్టిక్ ఒక్కటి చాలు. మైకు ఉండదు, గాలికి పై తీగలు వినపడవు, బొటనవేలితో కింది స్థాయిని నిలకడగా మీటుతూ ఉండండి. స్లైడ్ వద్దు. ఆదివారం రెండో శృతిలో పాడే కీర్తనని అక్కడ ఒకటో శృతిలో ఎత్తుకోండి. ఏడ్చి ఉన్న గొంతులు అంతకన్నా పైకి అందుకోలేవు.